మాట లేదు

దసరా పోయి వారం తిరగక ముందే గోదావరి హెడ్‌ఫోన్‌కు గొంతు పడిపోయింది.

పొద్దున సీట్లో కూర్చుని, కొంగుతో కీబోర్డు తుడిచి, హెడ్‌ఫోన్ తగిలించుకుని మొదటి రికార్డింగు నొక్కింది. ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడని మాత్రమే తెలుస్తోంది. గొంగడి కప్పుకుని, అదీ పక్కింట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. వాల్యూమ్ గీతను చివరిదాకా లాగింది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి మళ్లీ విన్నది. 'నాటేసినం' అన్న ఒక్క మాట దొరికింది. మిగతాదంతా గాలి.

"రంజిత్ తమ్మీ! జర గిటు రా! ఇనవడ్తలేదు!"

ఆ కేకకు గదిలో అందరి తలలూ లేచాయి. గోదావరి మాట్లాడితే అంతే. ఎదుటి మనిషి వీధి అవతల నిలబడ్డట్టు మాట్లాడుతుంది. తల్లి ఈరవ్వకు చెవులు పోయాక ఏళ్ల తరబడి అలా అరిచి అరిచి, ఆ గొంతు అక్కడే నిలిచిపోయింది. ఈరవ్వ మొన్న ఎండాకాలంలో పోయింది. కూతురి గొంతు మాత్రం కిందికి దిగలేదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక మందుల దుకాణం పక్క మెట్లెక్కితే వస్తుంది ఆ ఆఫీసు. వరుసగా కంప్యూటర్లు, వాటి ముందు ఎక్కువగా ఆడపిల్లలు. ఊళ్లలో జనం చేత ఫోన్లో మాట్లాడించి రికార్డు చేసిన ముక్కలు హైదరాబాద్ నుంచి వస్తాయి. వీళ్లు విని, మనిషి ఎలా అంటే అలా టైపు చేయాలి. 'పోయిండు' అంటే 'పోయిండు' అనే కొట్టాలి, 'పోయాడు' అని దిద్దితే తప్పు. యంత్రాలకు మన మాట నేర్పడానికట ఇదంతా. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గించాక యంత్రాలకు మాటలు నేర్పే కొలువు పుట్టింది. లోకం తీరు లోకానిది.

గోదావరికి మాత్రం ఈ కొలువంటే ప్రాణం. బీడీలు చుట్టిన వేళ్లు కీబోర్డుకు తొందరగానే అలవాటు పడ్డాయి. సరిహద్దు ఊళ్లవాళ్లు సగం మరాఠీ కలిపి మాట్లాడినా ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. రోజంతా ఎవరో ఒకరు చెవిలో తమ వరి గురించో, పెద్దకోడలి గురించో, మోకాలి నొప్పి గురించో చెబుతూనే ఉండేవారు. సాయంత్రం బోధన్‌లో బస్సు దిగి గది తాళం తీస్తే, ఇక మళ్లీ పొద్దున ఈ సీట్లో కూర్చునేదాకా ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు.

రంజిత్ వచ్చాడు. వయసులో ఆమె కన్నా చాలా చిన్న, పనిలో ఆ గదికంతటికీ పెద్ద. నిలబడే మౌస్ అందుకుని కింద మూలన ఉన్న స్పీకర్ బొమ్మ నొక్కి చూశాడు. నిండా ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కొక్క గీతా పైకి లాగాడు. కాల్ వచ్చినప్పుడు మిగతా చప్పుళ్లను తగ్గించే చుక్క ఒకటి ఉంటే దాన్ని తీసేశాడు. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. రీస్టార్ట్ చేశాడు. మధ్యలో వంగి సీపీయూ డబ్బా ముందున్న రంధ్రంలో హెడ్‌ఫోన్ పిన్నును ఒకసారి గట్టిగా నొక్కాడు. డబ్బా వెనక భాగం గోడకు ఆనుకుని ఉంది, అక్కడికి చెయ్యి పోదు.

డబ్బాల మీద ఆయుధపూజ నాటి పసుపు కుంకుమలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ రోజు రంజిత్ స్టిక్కర్ బొట్లు తెస్తే గోదావరి ఒప్పుకోలేదు. "అన్నం పెట్టే మిషన్లకు స్టిక్కర్ బొట్టేంది తమ్మీ?" అని, ఏర్గట్ల నుంచి తెప్పించుకున్న పసుపును గిన్నెలో చిక్కగా కలిపి అందరి సిస్టాలకూ తానే పెట్టింది. తన సిస్టానికైతే పెళ్లికూతురికి పూసినట్టు పూసింది.

"ఇప్పుడు సూడక్కా," అని రంజిత్ యూట్యూబ్‌లో ఒక సినిమా పాట పెట్టాడు. హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకుని, తల ఊపుతూ, రెండో చేత్తో తన ఫోన్లో మెసేజీ చూసుకుంటూ కాసేపు విన్నాడు. "మస్తు వస్తుంది గదక్కా! డప్పులకు చెవులు వల్గుతున్నయి."

గోదావరి తొందరగా తగిలించుకుని పాటను పక్కకు నెట్టి తన రికార్డింగు పెట్టుకున్నది. మళ్లీ అదే గొంగడి, అదే గాలి. తల అడ్డంగా ఊపింది.

రంజిత్ ఆమె పక్క సీటులోని సంజన హెడ్‌ఫోన్ తీసుకొచ్చి పెట్టాడు. సంజనది కొత్తది. అందులోనూ అంతే. "సంజనదాంట్ల గూడ తక్కువేనా?" అన్నాడు. గోదావరి అవునంది. అతను సంజన వైపు చూశాడు, సంజన తల దించుకుంది.

"ఇగ ఖరాబైంది హెడ్‌ఫోన్ గాదు," అన్నాడు వెళ్లిపోతూ, తనలో తాను అనుకున్నట్టు.

నెమ్మదిగానే అన్నాడు పాపం. అదేం విచిత్రమో, ఆ మాట మాత్రం గోదావరికి అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. వెనక వరుసలో ఎవరో "చెవిటోని ముందట శంఖం ఊదినట్టే" అని కిసుక్కున నవ్వడం కూడా వినిపించింది. కానీ అప్పటికే గుండెలో దడ మొదలైంది, ఆ దడలో ఆమెకు ఈ సంగతి తట్టలేదు.

ఈరవ్వకు కూడా ఇలాగే మొదలైంది. ఆమె మొదట నింద టీవీ మీద పెట్టింది. "టీవీ ఖరాబైంది బిడ్డా, బాగు చేపియ్యి" అని పోరు పెట్టింది. మెకానిక్ వచ్చి చూసి నవ్విపోయాడు.

బస్సు ఎడపల్లి దాటింది. రోడ్డుకు రెండు పక్కలా చెరుకు మనిషి ఎత్తుకు మించి నిలబడి ఉంది. కిటికీ పక్కన కూర్చుని గోదావరి చెవులు రిక్కించింది. ఇంజను మోత, వదులైన కిటికీ అద్దాల గలగల, కండక్టరు కేక అన్నీ వినిపిస్తున్నాయి. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఏమనుకుంటున్నారో తెలియలేదు. ఈ మోతలో ఎవరికైనా తెలియదని మనసు ఒకవైపు చెప్పింది. 'మీ అవ్వ కూడా ఇట్లనే సర్ది చెప్పుకున్నది' అని రెండో వైపు నుంచి అంది.

శక్కర్‌నగర్ దగ్గర ఆమె గది. తాళం తీసి, లైటు వేసి, నల్లా కొంచెం వదిలి దూరంగా వెళ్లి నిలబడింది. చుక్క చుక్కా వినిపించింది. అగ్గిపుల్ల గీసింది. వినిపించింది. చెంచా కింద పడేసింది. అదీ వినిపించింది. అయినా ధైర్యం రాలేదు. ఈరవ్వకు కూడా గిన్నెల చప్పుడు చివరిదాకా వినిపించింది, ముందుగా పోయింది మనిషి మాటే. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సైరన్ మోగితే 'ఛాతిల ఇనవడుతది' అనేది. మనిషి మాటకే ముఖం చూసేది, పెదవులు చూసేది, ఏమన్నారని అడిగేది. చుట్టాలు మొదట్లో రెండోసారి చెప్పేవారు. తర్వాత తర్వాత, "ఏం లేదు తీయ్" అనేవారు. ఎంత పెద్ద ముచ్చటైనా సరే, ఈరవ్వ దాకా వచ్చేసరికి 'ఏం లేదు తీయ్' అయిపోయేది. ఆ ముసలిది ఆఖరి ఏళ్లలో అడగడం మానేసి, బీడీల చాట ఒడిలో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఆకు కత్తిరించుకునేది.

కాబట్టి తేల్చుకోవాలంటే చెంచాలూ నల్లాలూ పనికిరావు. ఎవరైనా ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడాలి. ఆ ఇంట్లో అలాంటి మనిషి ఎక్కడున్నాడు? పెనిమిటి మహారాష్ట్రలో భీవండి మగ్గాల పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. గోదావరి తనతో తానే మెల్లగా మాట్లాడి చూసింది. తన మాట తనకు ఎలాగూ వినిపిస్తుంది, అది లెక్కలోకి రాదు.

ఉప్పు ఉంది. అయినా ఉప్పు కోసమని గల్లీ చివర చిన్నయ్య దుకాణానికి వెళ్లింది. చిన్నయ్య మంచి మాటకారి, ఒకప్పుడు పొట్లం కట్టేలోపు ఊరి ముచ్చట్లన్నీ చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్లో ఏదో చూస్తూ, కళ్లెత్తకుండానే ఉప్పు ప్యాకెట్టు ముందుకు జరిపి, వేలితో స్కానర్ చూపించాడు. డబ్బులు పడగానే గల్లా పక్కన ఉన్న డబ్బా ఆడగొంతుతో గట్టిగా డబ్బులు అందాయని చెప్పింది. గోదావరి ఇంకా కాసేపు నిలబడింది.

"ఏం సంగతి చిన్నయ్యా? బాగున్నవా?"

చిన్నయ్య బాగున్నానన్నట్టు తల ఊపాడు. గోదావరి ఉప్పు పట్టుకుని వచ్చేసింది. ఆ రోజు ఆ గల్లీలో ఆమెతో మాట్లాడింది ఆ డబ్బా ఒక్కటే.

తెరమీద ఒక మూలన 'మాట లేదు' అని ఒక బటన్ ఉంటుంది. రికార్డింగులో మనిషి మాట లేకపోతే, ఉత్త గాలి, ఫ్యాన్ మోత మాత్రమే ఉంటే, అది నొక్కాలి. ఆ ముక్క పక్కకు పోయి కుప్పలో పడుతుంది. శనివారం సాయంత్రం పని హైదరాబాద్‌కు పంపేటప్పుడు ఆ కుప్పను చెరిపేస్తారు.

ఇన్నాళ్లూ గోదావరి ఆ బటన్ ఎప్పుడో ఒకసారి తప్ప నొక్కలేదు. ఇప్పుడు పూటకు పూట నొక్కుతోంది. గట్టిగొంతు మగవాళ్ల మాటలు ఎలాగో పట్టుకుని, ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ, మెడ నొప్పి పుట్టేలా వంగి కూర్చుని టైపు చేస్తోంది. మెల్లగా మాట్లాడేవాళ్లు, ముసలివాళ్లు, సిగ్గుపడి నోట్లోనే గొణిగేవాళ్లు ఆమెకు అందడం లేదు. కాసేపు వెతికి, వేలు బటన్ మీద పెట్టేది. మాట లేదు. మళ్లీ ఇంకొకటి. మాట లేదు.

నిజానికి తేల్చుకోవడం చాలా తేలిక. సంజన భోజనానికి లేచినప్పుడు ఆ సీట్లో కూర్చుని, ఆ సిస్టంలో ఒక్క ముక్క వింటే చాలు. గోదావరి రెండుసార్లు లేచింది కూడా. కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడింది. అక్కడా వినిపించకపోతే? ఇప్పుడు కనీసం మిషను మీద అనుమానం ఉంది. ఆ అనుమానమే ఆమెకు మిగిలిన ధైర్యం. దాన్ని కూడా చేజేతులా పోగొట్టుకోవడానికి మనసు రాక మళ్లీ తన కుర్చీలో కూర్చుంది.

"అక్కా, నీవి తప్పులు మస్తుగొస్తున్నయి," అన్నాడు రంజిత్ బుధవారం సాయంత్రం, ఆమె దగ్గరికి వచ్చి, బాగా వినబడాలని ముఖం దగ్గరగా పెట్టి గట్టిగా. "పైనోళ్లు అడుగుతుండ్రు. సోమారం నుంచి అఖిల అని ఒక పిల్ల వస్తుంది. ఈ సీట్ల ఆమెను కూసోపెడుత. నువ్వు నెలాఖరు దాక ఫైళ్ల పేర్లు మార్చే పని చెయ్యి. దానికి ఇనే పని లేదు."

"నెలాఖరు తర్వాత?"

"తర్వాత సూద్దాం. నువ్వు ఒక్కపారి చెవుల డాక్టర్‌కు చూపించుకో అక్కా. నీ మంచికే చెప్తున్న."

మంచికే చెప్పాడు, అందులో అబద్ధం లేదు. అందరూ ఆమెతో అలా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మరీ అవసరమైతేనే మాట్లాడుతున్నారు. సంజన మంచినీళ్ల సీసా అడగాలన్నా భుజం తట్టి చేత్తో సైగ చేస్తోంది. నిన్నటిదాకా ఇంట్లోనే ఉన్న నిశ్శబ్దం ఇప్పుడు బస్సెక్కి ఆఫీసుకు కూడా వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోయే దారిలోనే చెవుల దవాఖానలోకి నడిచింది. చెవుల్లో లైటు వేసి చూసిన డాక్టరు, పరీక్ష చేయించమని లోపలికి పంపాడు.

గోడలకు మెత్తని దిండ్లు అంటించిన చిన్న గది అది. గాజు అద్దం అవతల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కోటు మీద నిరోష అని పేరు. గోదావరి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది.

"కుయ్యిమని సప్పుడొస్తది అమ్మా. ఎంత సన్నగ వచ్చినా సరే, ఇనవడంగనే ఒత్తు."

తలుపు మూసుకుంది. అంత నిశ్శబ్దాన్ని గోదావరి ఎన్నడూ వినలేదు. తన రక్తం పారే చప్పుడు తనకే వినిపిస్తోంది. బొటనవేలు బటన్ మీద ఆనించింది. ఇప్పుడు తేలిపోతుంది. ఈరవ్వ బిడ్డ ఈరవ్వ లాగే గోడకేసి చూస్తూ కూర్చోవాలో లేదో ఇప్పుడే తేలిపోతుంది.

కుయ్యిమంది. నొక్కింది. ఇంకా సన్నగా కుయ్యిమంది. నొక్కింది. దోమ ఎక్కడో గది అవతల తిరిగినట్టు వచ్చింది. నొక్కింది. తర్వాత ఇంకేమీ రాలేదేమో అనుకుంటుండగా, ఉందో లేదో తెలియనంత సన్నగా ఏదో మెదిలింది. అనుమానపడుతూనే నొక్కింది. అద్దం అవతల నిరోష ముఖం పైకెత్తి చూసింది. ఆ తర్వాత మైకులో మెల్లగా, దాదాపు గుసగుసలా అడిగింది.

"అమ్మా, ఇనవడుతుందా?"

గోదావరి హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకుంది. ఎన్ని రోజులైంది ఒక మనిషి తనతో మెల్లగా మాట్లాడి! తల ఊపింది. ఊపుతూనే కళ్లు తుడుచుకుంది.

బయటికి వచ్చాక నిరోష నవ్వింది. "నా చెవుల కన్నా నీ చెవులే మంచిగున్నయి అమ్మా. ఎవరన్నరు నీకు ఇనవడదని?"

గోదావరి నవ్వుతూనే దవాఖాన దాటింది. ఆఫీసు మెట్లు పరుగున ఎక్కి రంజిత్‌కు సంగతి చెప్పింది. అతను తల గోక్కున్నాడు.

"దవాఖాన మిషన్ల కుయ్యిమనుడు వేరు అక్కా, మన దాంట్ల మాట వేరు. నేను నీ ముందట్నే పాట పెట్టి ఇన్న గదా? సిస్టం మంచిగనే ఉన్నది. పిల్లకు రమ్మని చెప్పేసిన, ఇప్పుడు రావద్దంటె ఎట్ల?"

ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టేయమన్నట్టుంది అతని వాలకం. గోదావరి వెళ్లి తన సీట్లో కూర్చుంది. ఇంకా మాట్లాడితే గొంతు పెరుగుతుంది, పెరిగితే మళ్లీ చెవులే గుర్తుకొస్తాయి వాళ్లకు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గోదావరి సీటు ఖాళీ చేయడానికి కూర్చుంది. సొరుగులోంచి దువ్వెన, జండూబామ్, ఈరవ్వ పాత చీర చింపి కుట్టుకున్న చిన్న దిండు తీసి సంచిలో పెట్టింది. అఖిల వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని గుడ్డ తడిపి టేబులు తుడిచింది. తెరమీద తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటీ మూయడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా వెనక, రంజిత్ ఆ రోజు పెట్టిన పాట ఇంకా అలాగే ఉంది.

ఆ పాట బోధన్ బస్సులో రోజూ వినేదే. పోతూ పోతూ ఒకసారి వింటే పోయేదేముంది అనుకుని హెడ్‌ఫోన్ తగిలించుకుని నొక్కింది. డప్పులు దడదడలాడాయి. రంజిత్ అన్నది నిజమే. డప్పుల వెనక పిల్లనగ్రోవి, రెండు చెవుల్లోనూ ఇంపుగా ఉంది. ఇప్పుడు ఆడమనిషి అందుకోవాలి. ఆ చోటు గోదావరికి బాగా తెలుసు. అందుకోలేదు. డప్పులు సాగిపోతూనే ఉన్నాయి. చరణం వచ్చే చోటు కూడా వచ్చిపోయింది. ఎక్కడో అడుగున, నూతిలోంచి పిలిచినట్టు ఒక అలికిడి తప్ప, మనిషి గొంతు లేదు. పాట ఉంది, పాడేమనిషి లేదు.

పిల్లనగ్రోవి వినబడే చెవికి పాట వినబడకపోవడమేమిటి? అలాంటి చెవుడు లోకంలో ఎక్కడైనా ఉందా?

"సంజనా! ఓ సంజనా! గిటు రా! గిదిను!"

సంజన జాలిగా వచ్చింది, చివరి రోజు కదా అని. హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు తాళం వేసింది. తర్వాత కనుబొమ్మలు ముడిచింది. "అరే! పాడుడు ఏదక్కా? ఒట్టి మ్యూజిక్కే వస్తుంది." అని తన రికార్డింగు ఒకటి ఆ సిస్టంలో పెట్టి చూసింది. "అబ్బో, ఏం ఇనవడ్తలేదు! గిట్ల ఎట్ల చేసినవక్కా ఇన్ని రోజులు?"

గోదావరి కింద కూర్చుని డబ్బా ముందున్న పిన్నును లాగింది. పిన్ను మొదట్లో, తళతళలాడాల్సిన చోట, పచ్చగా ఏదో గార కట్టి ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. అడగనక్కర్లేదు. అది ఏర్గట్ల పసుపు. అది ఎండి పిన్ను మొదలు సరిగ్గా అంటకపోతే, రెండు చెవులకూ ఒకేలా వచ్చే మనిషి గొంతు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది, చెవికొక తీరుగా వచ్చే వాయిద్యాలు మాత్రం మిగులుతాయి.

ఆయుధపూజ రోజు కళ్ల ముందు కదిలింది. అందరి డబ్బాలకూ నుదుట ఒక్కో బొట్టు పెట్టి, తన డబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రేమ ఎక్కువై, హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రాన్ని చూసి, 'దీని చెవి గిదే గదా, దీనికి పెట్టకుంటె ఎట్ల' అని వేలితో చిక్కటి పసుపు అద్దింది. చెవులు పోవడమంటే ఏమిటో ఎరిగిన మనిషి, మిషను చెవి కూడా చల్లగా ఉండాలని మొక్కుకుని మరీ అద్దింది. ఆ పైన పిన్ను గుచ్చి పసుపును లోపలికి దిగ్గొట్టింది కూడా తనే. దేవుడికి పెట్టిన బొట్టు దేవుడి చెవిలోనే దూరి, మొక్కు వినబడకుండా చేసిందన్నమాట.

గోదావరికి నవ్వొచ్చింది. ఆపుకోలేక గదంతా దద్దరిల్లేలా నవ్వింది. సిస్టం ఆపి, చీపురుపుల్లకు దూది చుట్టి, సంజన శానిటైజర్ చుక్క వేసి, రంధ్రంలో మెల్లగా తిప్పింది. దూది పచ్చగా వచ్చింది. మళ్లీ కొత్త దూది, మళ్లీ పచ్చ. తెల్లగా వచ్చేదాకా తిప్పి, ఆరనిచ్చి, పిన్ను తుడిచి పెట్టి పాట నొక్కింది. ఆడగొంతు ఒక్కసారిగా చెవుల్లో పడేసరికి ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ తీసేసింది.

రంజిత్ వచ్చి, విని, సంగతి తెలుసుకుని పకపక నవ్వాడు. "పసుపా! నువ్వు పెట్టిన పసుపేనా? వారెవ్వా అక్కా!" అని వరుస వరుసకూ తిరిగి చెప్పాడు. అందరూ నవ్వారు. నిన్నటిదాకా చెవుల ముచ్చట, ఇవాళ్టి నుంచి పసుపు ముచ్చట. తప్పు మాది అక్కా అని ఎవరూ అనలేదు, ఆ మాట ఎవరికీ తోచలేదు కూడా. "సరే తీయ్, నువ్వు నీ సీట్లనే ఉండు. అఖిలకు వేరే సీటు సూస్త," అన్నాడు రంజిత్.

అంతే. అంత తేలికగా పోబోయిన సీటు అంత తేలికగానే తిరిగొచ్చింది. గోదావరి సంచిలోంచి చిన్న దిండు తీసి మళ్లీ కుర్చీలో పెట్టుకుంది. సంతోషంగానే ఉంది. కానీ ఆ సంతోషం మీద సరిగ్గా కూర్చోకముందే ఆమె కళ్లు తెర మూలకు పోయాయి. మాట లేదు. ఆ బటన్ పక్కన, ఈ వారంలో తన వేలితో తాను తోసేసిన కుప్ప.

"రంజిత్ తమ్మీ, నేను తీసేసినయి మల్ల సూస్త."

"అవెందుకక్కా? సాయంత్రం ఎట్లయినా పోతయి. కొత్తయి చెయ్యి."

"వద్దు. అవే చేస్త," అన్నది గోదావరి. ఈసారి గొంతు పెరిగిందని ఆమె వెనక్కి తీసుకోలేదు. రంజిత్ భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

కుప్పలోంచి మొదటిది తెరిచింది. మాక్లూర్ దగ్గరి రైతు. మడిలో నీళ్లు నిలవడం లేదని, ఎంత ఓపిగ్గా చెప్పాడో. రెండోది తెరిచింది. ఒక ఆడపిల్ల, సిగ్గుపడుతూ, తన మేక పిల్లల పేర్లు చెబుతోంది. ఇంకొకటి, ఇంకొకటి. ఎవరి గొంతూ తక్కువ లేదు. అందరూ మాట్లాడారు. నీకు చెవుల్లేవని ఆఫీసువాళ్లు తనతో అంటే కుమిలిపోయిన మనిషి, నీకు నోరే లేదని అంతమందిని తోసేసింది. 'ఏం లేదు తీయ్' అని చుట్టాలు ఈరవ్వ ముందు మాటను తుంచేసినట్టే తానూ తుంచేసింది. గోదావరి వేళ్లు ఆగకుండా కొడుతూనే ఉన్నాయి. గోడ మీది గడియారం సాయంత్రం వైపు నడుస్తోంది. ఎన్ని చేయగలిగితే అన్ని.

తర్వాతిది ఒక ముసలామె. నవీపేట వైపు ఊరు. రికార్డు చేసే అమ్మాయి పక్క నుంచి "మాట్లాడవ్వా, దినాం ఏం చేస్తవో చెప్పు," అంటోంది.

"ఏం జెప్పాలె బిడ్డా? పొద్దుగాల లేస్త. వాకిలి ఊడుస్త. గింత బువ్వ వండుకుంట. ఒక్కదాన్నే గదా, పొద్దుగాల వండిందే రాత్రికి. మొన్న మక్కకంకులు కాల్సిన. ఒక్కటి తిన్న. ఇంకోటి ఎవ్వలకిస్త? కోళ్లకేసిన." కోళ్లను అదిలించింది. "గీ ఫోన్ల మాట్లాడుడేంది బిడ్డా, గోడకు చెప్పినట్టు."

"గోడకు కాదవ్వా. నువ్వు చెప్పింది నిజామాబాద్‌ల ఒక మేడం కూసోని ఇంటది. ఇని మొత్తం రాస్తది."

"నిజంగనా? నా ముచ్చట ఇంటదా?"

"ఇంటదవ్వా."

చీర సర్దుకున్న చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. ముసలామె ఫోన్‌కు దగ్గరగా జరిగినట్టుంది, మాట కొంచెం పెద్దదైంది.

"ఓ మేడమూ, నా పేరు హన్మవ్వ. ఇంటున్నవా బిడ్డా?"

అని అడిగి, జవాబు కోసం ఆగింది.

గోదావరి వేళ్లు కీబోర్డు మీద నిలిచిపోయాయి. చెవుల నిండా హన్మవ్వ ఎదురుచూపు. ఆ ఇంట్లో ఎక్కడో గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఈ వారంలో ఒకరోజు ఈ ముక్క మీదే, ఈ ప్రశ్న వినబడకుండానే, తన వేలు పోయి ఆ బటన్ నొక్కింది.

"ఇంటున్న అవ్వా!" అన్నది గోదావరి. ఈరవ్వతో మాట్లాడిన పాత గొంతుతోనే, వీధి అవతలికి వినబడేలా అన్నది. "చెప్పు, ఇంటున్న!"

గదిలో అందరి తలలూ లేచాయి. సంజన ఒక చెవి హెడ్‌ఫోన్ పక్కకు జరిపి చూసింది. రంజిత్ "ఎవరితోని అక్కా?" అన్నాడు. గోదావరి తల తిప్పలేదు. జవాబు అందినట్టే హన్మవ్వ "ఆఁ" అని, కోళ్ల సంగతి మొదలుపెట్టింది, గోదావరి 'ఆఁ' దగ్గరి నుంచే టైపు చేయసాగింది.